పథ్యం

కుయివస్తు రేవులో తొలి ఫెర్రీ ఐదున్నరకి.
తాడు విప్పేది నేనే.
ఇరవై రెండేళ్ళుగా చేతులకి తెలిసిన పని.
ఆ అక్టోబరులో మాత్రం
ఎందుకు విప్పాలో చేతులకి గుర్తు రాలేదు.

ఏడుపు కాదు. ఏడుపైతే బాగుండును.
ఉప్పు లేని గంజి.
తడిసిన ఉన్నికోటు విప్పుకోవడం చేతకాక
దానితోనే పడుకుని దానితోనే లేవడం.
సముద్రం కేసి చూస్తే
సముద్రం ఇంకెటో చూసేది.

డాక్టరు ట్రీనుది నా కూతురి వయసు.
తెల్లటి మాత్ర. మొదటి వారం సగం, తర్వాత ఒకటి.
"నెలన్నర ఓపిక పట్టండి" అంది.
నెలన్నర!
ఎంత చిక్కుబడ్డ వలనైనా పూటలో విడదీసేవాణ్ణి.

లెయిదా మా ఆవిడ మేనత్త. ఎనభై ఒకటి.
మాత్రలంటే ఆవిడకి
పాత సర్కారు మనుషుల మీదున్నంత నమ్మకం.
అటక మీద గుత్తులుగా వేలాడే నైస్తెపునా,
నడివేసవి రాత్రి కోసిన పసుపు పూలు.
మొగ్గ నలిపితే వేళ్ళకి నెత్తురు రంగు.
"దిగులుకి మా అమ్మ ఇచ్చేది.
యుద్ధంలో మాట పోగొట్టుకొచ్చిన మామయ్యకీ ఇచ్చింది.
ఆయన మళ్ళీ మాట్లాడాడు."
ఏం మాట్లాడాడో చెప్పలేదు.

రొట్టె కూడా ఆవిడదే. నల్ల రై రొట్టె, పైన ఉప్పుచేప,
ఒడ్డు తుప్పల్లో కాసే నారింజరంగు పళ్ళ రసం,
దవడలు జివ్వుమనేంత పులుపు.
తిన్నాను. కషాయమూ తాగాను, మూడు పూటలా,
మాత్రతో పాటే.
కషాయం సంగతి డాక్టరుకి చెప్పలేదు,
మాత్ర సంగతి ఆవిడకి చెప్పలేదు.
ఇద్దరి దగ్గరా మంచివాణ్ణి.

పన్నెండో రోజు
బయట మంచు, జాకెట్టు లోపల చెమట.
ఇంజనుకంటే ముందు గుండె పరుగు.
తాడు జారింది.
ఎవరికీ దెబ్బ తగల్లేదు, ముందు అది చెప్పాలి.
వెనక హారన్లు మోగుతున్నా
పాల లారీ డ్రైవరొకడు నన్ను కూర్చోబెట్టి
వణికే నా చేతుల్ని తన చేతుల్లో పెట్టుకున్నాడు.
వాడి పేరు ఇప్పటికీ తెలీదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక
మందుల షాపు ఉర్వే కౌంటరు దాటి ఇవతలికొచ్చింది.
"ఆకు అబద్ధం కాదు, ఎండెల్. అదీ మందే.
అందుకే ఈ గొడవంతా.
ఒక ఒరలో రెండు కత్తులు దూర్చావు."
ఏది తీసెయ్యాలి?
"అది ట్రీను చెప్తుంది. ముందు నువ్వు అన్నీ చెప్పు,
కషాయం, రాత్రిపూట ఆ రెండు గ్లాసులూ."
ఆ రెండు గ్లాసులూ ఈవిడకెలా తెలుసు?
దీవిలో అందరికీ తెలుసు.

చెప్పాను. ఆకు ఆగింది. గ్లాసులు ఒకటై, సున్నా అయ్యాయి,
మళ్ళీ ఒకసారి ఒకటయ్యాయి.
ట్రీను చెప్పిన రోజున మాత్ర మళ్ళీ సగంతో మొదలు.

లెయిదాతో చెప్పడమే కష్టమైంది.
ఆవిడ బంగాళాదుంప చెక్కు తీస్తూనే ఉంది,
తొక్క తెగకుండా, నేలదాకా.
"మా అమ్మ విషం పెట్టిందంటావా?"
కాదన్నాను.
చాలాసేపటికి, దుంపతో అన్నట్టు,
"మామయ్యకి మాత్రలు లేవు" అంది.
మర్నాటికి అటక ఖాళీ.

జనవరిలో పెద్దగా ఏం జరగలేదు.
ఒక పొద్దున చేప ఉప్పగా ఉంది.
ఉప్పగా ఉందని తెలిసింది.
నమలడం ఆపి కాసేపలా కూర్చున్నాను.
ఆ తర్వాత కూడా కోటు
కొన్నాళ్ళు కొక్కేనికి, కొన్నాళ్ళు నా ఒంటికి.

లెయిదా పాత న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి ఇచ్చింది.
ఉన్ని చేతితొడుగులు. పసుపూ కాదు, ఇటుకా కాదు.
"ఆ పూలే, ఉడకబెట్టి రంగేశాను.
నీ మాత్రతో తగువు పడదులే.
పైపూతగా వాడు."

ఐదున్నర. చీకటే.
తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాను.
ముడి ఒట్టి వేళ్ళకే తెలుస్తుంది.
మాత్ర వేసుకున్నానా?
వేసుకున్నాను.
తాడు విప్పాను.